రూలును కాదనే కార్డు

మీరు అష్టాచెమ్మా ఆడే ఉంటారు. ఒక వంతులో గవ్వలు ఒక్కసారే వేయాలి. ఇది సామాన్య నియమం. కాని అష్ట గాని, చెమ్మ గాని పడితే మళ్లీ వేయవచ్చు. ఇది ప్రత్యేక నియమం. రెండోది మొదటిదాన్ని కాదంటోంది కదూ! అయినా ఆటలో ఎవరికీ అయోమయం కలగదు. ఎందుకంటే అటువంటి ప్రత్యేక నియమాలు ఆ ఆటలో రెండో మూడో ఉంటాయి. అవి అందరికీ కంఠతా వచ్చు.

ఇప్పుడొక చిత్రమైన ఆటను ఊహించండి. అందులో ప్రతి కాయమీదా దాని సొంత రూలు ఒకటి అచ్చువేసి ఉంటుంది. ఒక కాయ "నేను రెండేసి గళ్లు నడుస్తాను" అంటుంది. ఇంకొకటి "నన్ను చంపడం కుదరదు" అంటుంది. మూడోది "ఎదురైన ఏ కాయనైనా చంపుతాను" అంటుంది. రెండో కాయకు మూడో కాయ ఎదురైతే ఏమవుతుంది? ఇలాంటి కాయలు మూడు కాదు, వేలకొద్దీ ఉంటే?

అలాంటి ఆట నిజంగానే ఉంది. అయితే అందులో కాయలుండవు, కార్డులుంటాయి. వేల రూళ్లు ఒకదానినొకటి కాదంటున్నా ఆ ఆట తగవు లేకుండా ఎలా సాగుతుందో చూద్దాం.

గణితశాస్త్రజ్ఞుడు చేసిన ఆట

దాని పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. అమెరికాకు చెందిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ దీన్ని రూపొందించాడు. ఆయన కాంబినేటరిక్స్ అనే గణితశాఖలో డాక్టరేటు పొందినవాడు. వస్తువులను ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చు, ఎన్ని విధాలుగా పేర్చవచ్చు అని లెక్కగట్టే శాఖ అది. విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ 1993లో ఈ ఆటను అచ్చువేసి అమ్మకానికి పెట్టింది. తొలి కూర్పులో 295 రకాల కార్డులుండేవి. ఆ తర్వాత ఏటా కొత్తవి చేరుతూ ఆ సంఖ్య 20,000 దాటిపోయింది.

పేకముక్కల్లాగా ఇవన్నీ ఒకే పెట్టెలో రావు. చిన్న చిన్న ప్యాకెట్లుగా అమ్ముతారు. లోపల ఏ కార్డులున్నాయో విప్పేదాకా తెలియదు. ఒకే కార్డు రెండుసార్లు వస్తే స్నేహితుడితో మార్చుకోవచ్చు. ఇలా కూడబెట్టిన వాటిలోంచి ఏరి, ఎవరి కట్టను వాళ్లే తయారుచేసుకుంటారు.

ఆట సామాన్య నియమాలు ఇవి. ఇద్దరు మాంత్రికులు పోరాడుతున్నట్లు ఊహించుకోవాలి. ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. అవి సున్నాకు దిగితే ఓటమి. కట్టలో కనీసం 60 కార్డులుండాలి. ఒకే పేరుగల కార్డు నాలుగుకు మించి ఉండకూడదు. నేలను సూచించే మామూలు భూమి కార్డులకు మాత్రం ఈ పరిమితి లేదు. మొదట ఏడేసి కార్డులు చేతిలోకి తీసుకుంటారు. వంతుకు ఒక్క భూమి కార్డు పరచవచ్చు. ఆ భూములిచ్చే శక్తిని ఖర్చుపెట్టి మంత్రాలు వేయాలి, జీవులను రప్పించాలి. వంతు ముగిసేసరికి చేతిలో ఏడు కార్డులకు మించి ఉంటే ఎక్కువైనవి పారేయాలి. కట్ట అయిపోయాక కార్డు తీయవలసి వస్తే ఓడిపోయినట్లే.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక కార్డులు ఏమంటున్నాయో చూడండి.

కార్డు మాటే పైమాట

"ఎక్స్‌ప్లొరేషన్" అనే కార్డు, వంతుకు ఇంకొక భూమిని కూడా పరచుకోవచ్చంటుంది. "రెలిక్వరీ టవర్" అనే కార్డు, చేతిలో ఎన్ని కార్డులున్నా పారేయనక్కరలేదంటుంది. "రిలెంట్‌లెస్ ర్యాట్స్" అనే ఎలుకల కార్డు ఇంకా గడుసుది. తన పేరుగల కార్డులు కట్టలో ఎన్నైనా ఉండవచ్చని దానిమీదే వ్రాసి ఉంటుంది. "లాబొరేటరీ మేనియాక్" అనే కార్డైతే ఓటమినే తలక్రిందులు చేస్తుంది. కట్ట ఖాళీ అయినప్పుడు కార్డు తీయవలసి వస్తే, ఓడిపోవడానికి బదులు మీరే గెలుస్తారు!

సామాన్య నియమం ఒకటి చెబుతుంటే కార్డు ఇంకొకటి చెబుతోంది. దేన్ని నమ్మాలి? ఈ ఆటకు మూలసూత్రం ఇదే: కార్డుకూ నియమానికీ వైరుధ్యం వస్తే కార్డు మాటే చెల్లుతుంది. అయితే ఎంతవరకు? కార్డు ఏ సంగతి మాట్లాడుతోందో అంతవరకే. ఎలుకల కార్డు "నాలుగుకు మించరాదు" అనే నియమాన్ని తన ఒక్కదాని విషయంలోనే రద్దుచేస్తుంది. మిగతా కార్డులకు ఆ నియమం యథాతథంగా ఉంటుంది.

ఈ పద్ధతి మీకు కొత్తదేమీ కాదు. లీపు సంవత్సరం లెక్క గుర్తుచేసుకోండి. నాలుగుతో భాగింపబడే సంవత్సరం లీపు సంవత్సరం. కాని వందతో భాగింపబడితే కాదు. కాని నాలుగువందలతో భాగింపబడితే మళ్లీ అవును. అందుకే 1900 లీపు సంవత్సరం కాలేదు, 2000 అయింది. సామాన్య నియమం, దానికి మినహాయింపు, ఆ మినహాయింపుకు మరో మినహాయింపు! ఎప్పుడూ ఎక్కువ ప్రత్యేకమైనదే గెలిచింది.

20 కోట్ల జతలు

అయితే క్యాలెండరులో మినహాయింపులు రెండే. ఇక్కడ వేలున్నాయి. అసలు చిక్కు కార్డుకూ నియమానికీ మధ్య కాదు, కార్డుకూ కార్డుకూ మధ్య వస్తుంది. ఆ చిక్కు ఎంత పెద్దదో లెక్కవేద్దాం.

20,000 కార్డుల్లోంచి రెండేసి చొప్పున ఎన్ని జతలు చేయవచ్చు? మొదటి కార్డును 20,000 విధాలుగా, రెండవదాన్ని 19,999 విధాలుగా ఎంచవచ్చు. రెండింటినీ గుణించాలి. కాని "క, ఖ" అన్నా, "ఖ, క" అన్నా ఒకే జత కనుక రెండుతో భాగించాలి. వచ్చే సంఖ్య 19,99,90,000. అంటే దాదాపు 20 కోట్లు! ఒక్కొక్క జతను ఒక్క నిమిషం చొప్పున పరీక్షిస్తూ రాత్రింబవళ్లు కూర్చున్నా, పని ముగియడానికి 380 సంవత్సరాలు పడుతుంది. మూడేసి కార్డులు కలిసే విధాలు లెక్కిస్తే లక్ష కోట్లు దాటుతాయి.

కాబట్టి "ఈ కార్డూ ఆ కార్డూ ఎదురుపడితే ఇలా చేయాలి" అని జతజతకూ వ్రాసిపెట్టడం ఎవరివల్లా కాదు. మరి దారేది? ఇంకా పుట్టని కార్డుకు కూడా వర్తించే కొన్ని సూత్రాలు కావాలి. అంటే రూళ్లమీద రూళ్లు! ఈ ఆట పూర్తి నియమావళి రెండువందల పేజీలు దాటింది. అందులో చాలా భాగం ఇలాంటి సూత్రాలే. వాటిలో ముఖ్యమైనవి కొన్ని చూద్దాం.

"కుదరదు" అన్నదే గెలుస్తుంది

"ప్లాటినమ్ ఏంజెల్" అనే కార్డు 2003లో వచ్చింది. అది బల్లమీద ఉన్నంతకాలం దాని యజమాని ఓడిపోవడం కుదరదు. ఎదుటివాడు గెలవడం కుదరదు. ఇక "బ్యాటిల్ ఆఫ్ విట్స్" అనే కార్డు 2001 నాటిది. మీ వంతు మొదట్లో మీ కట్టలో 200 కార్డులు గాని, అంతకు మించి గాని ఉంటే మీరు గెలిచినట్లే అంటుంది అది.

మీ స్నేహితుడి ఎదుట ఏంజెల్ ఉంది. మీ దగ్గర బ్యాటిల్ ఆఫ్ విట్స్ ఉంది, కట్టలో 200 కార్డులున్నాయి. మీ కార్డు "గెలిచావు" అంటోంది. అతని కార్డు "గెలవడం కుదరదు" అంటోంది. రెండూ కార్డులే కనుక "కార్డు మాటే పైమాట" అనే సూత్రం ఇక్కడ పనికిరాదు. ఇందుకు మరో సూత్రం ఉంది: ఒకటి "అవుతుంది" అని, ఇంకొకటి "కుదరదు" అని అన్నప్పుడు "కుదరదు" అన్నదే చెల్లుతుంది. ఏది ముందు వచ్చింది, ఏది ఖరీదైనది అన్న ప్రశ్నే లేదు. ఆట కొనసాగుతుంది.

మీ స్నేహితుడి ప్రాణాలు సున్నాకు దిగినా ఏంజెల్ ఉన్నంతవరకు అతను ఓడిపోడు. అది బల్లమీదినుంచి తొలగిన మరుక్షణం ఓడిపోతాడు.

ఇంత బలమైన కార్డు కూడా ఆపలేనిది ఒకటుంది. "నేను ఓడిపోయాను" అని ఒప్పుకొని ఎవరైనా, ఎప్పుడైనా ఆటనుంచి లేచిపోవచ్చు. దీన్ని ఏ కార్డూ కాదనలేదు. ఆలోచిస్తే ఇది సబబే. కార్డు ఆటను శాసించగలదు గాని, ఆడే మనిషిని కట్టిపడేయలేదు కదా!

ఒక మాటకు రెండర్థాలు

ఆట ఇంకా బజారులోకి రాకముందు, గార్‌ఫీల్డ్ మిత్రులు కార్డులను ఆడి పరీక్షిస్తున్నారు. అందులో ఒక కార్డుమీద "ప్రత్యర్థి వచ్చే వంతు కోల్పోతాడు" అన్న అర్థంలో ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం ఉండేది. కాని ఇంగ్లీషులో "లూజ్" అనే క్రియకు పోగొట్టుకోవడం, ఓడిపోవడం అని రెండర్థాలున్నాయి. ఆడేవారిలో ఒకరు దాన్ని "ప్రత్యర్థి వచ్చే వంతులో ఓడిపోతాడు" అని చదువుకున్నారు! ఆ కార్డు వేస్తే చాలు, గెలుపు చేతికందినట్లే! "టైమ్ వాక్" అనే పేరుతో అది అచ్చయ్యేనాటికి వాక్యం మారిపోయింది. ఈ వంతు తర్వాత మీరే ఇంకొక వంతు ఆడండి అని ఉంది. ఇప్పుడు రెండో అర్థానికి చోటులేదు.

కార్డులు వ్రాసేవారు మరో తేడాను కూడా కనిపెట్టి ఉంటారు. "చేయవచ్చు" అన్నది ఇష్టం. "చేయాలి" అన్నది తప్పనిసరి. తెలుగు వ్యాకరణంలో మీరు సంధులు చదివారు కదా. ఉత్వసంధి నిత్యం: రాముడు + అతడు కలిస్తే "రాముడతడు" అనే తీరాలి. ఇత్వసంధి వైకల్పికం: ఏమి + అంటివి కలిస్తే "ఏమంటివి" అనవచ్చు, "ఏమియంటివి" అని కూడా అనవచ్చు. వైయాకరణులు ఈ తేడాను ఎంత పట్టింపుగా చెబుతారో, కార్డులు వ్రాసేవారూ అంత పట్టింపుగా చెబుతారు. ఈ తేడావల్ల ఆటే ఆగిపోవచ్చు. ఎలాగో కాసేపట్లో చూస్తారు.

కంచాల దొంతర

ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు మంత్రాలు వేస్తే ఏది ముందు పనిచేయాలి? ముందు వేసిందే ముందు అని మీరనవచ్చు. ఈ ఆటలో అలా కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ దగ్గర ఎలుగుబంటి కార్డు ఉంది. దాని బలం 2, తట్టుకునే శక్తి 2. స్నేహితుడు దానిమీద "లైట్‌నింగ్ బోల్ట్", అంటే పిడుగు, వేశాడు. పిడుగు 3 దెబ్బల నష్టం చేస్తుంది. అది పనిచేసేలోగా మీరు "జయంట్ గ్రోత్" అనే మంత్రం వేశారు. అది ఆ వంతు ముగిసేవరకు ఎలుగుబంటి బలాన్నీ, తట్టుకునే శక్తినీ మూడేసి పెంచుతుంది.

పెళ్లిభోజనాల దగ్గర కడిగిన కంచాలు దొంతరగా పేర్చడం చూసే ఉంటారు. చివర పెట్టిన కంచాన్నే ముందు తీస్తాం. ఇక్కడా అంతే. వేసిన మంత్రాలు ఒకదానిమీద ఒకటి దొంతరగా చేరుతాయి. ఇద్దరూ ఇక చాలన్నాక పైనున్నది ముందు పనిచేస్తుంది. కాబట్టి ముందు గ్రోత్ పనిచేసి ఎలుగుబంటి 5, 5 అవుతుంది. తర్వాత పిడుగు పడి 3 దెబ్బలు తగులుతాయి. ఎలుగుబంటి బతుకుతుంది.

వరుస మార్చి చూడండి. మీరే ముందు గ్రోత్ వేశారు. అది పనిచేసేలోగా స్నేహితుడు పిడుగు వేశాడు. ఇప్పుడు పైనున్నది పిడుగు. అది ముందు పడుతుంది. అప్పటికి తట్టుకునే శక్తి ఇంకా రెండే. ఎలుగుబంటి చస్తుంది. గ్రోత్‌కు పెంచడానికి ఏమీ మిగలదు. అవే రెండు కార్డులు, అదే ఎలుగుబంటి. వరుస మారితే ఫలితం మారింది!

మొదటి ఆరేళ్లు ఈ విషయంలో నియమాలు చిక్కుముడిగా ఉండేవి. 1999లో నియమాలను తిరగవ్రాసినప్పుడు దొంతర పద్ధతిని ప్రవేశపెట్టారు. కంప్యూటరు శాస్త్రంలో ఇది అంతకుముందే ఉన్న పద్ధతి. కంప్యూటరు ఒక పని మధ్యలో మరో పని చేయవలసి వస్తే మొదటిదాన్ని దొంతరలో క్రింద ఉంచి, క్రొత్తది ముగించి, మళ్లీ పాతదానికి వస్తుంది. మీరు లెక్కల్లో బ్రాకెట్లు విప్పేదీ ఇలాగే. 2 × (3 + (8 − 5)) లో చివర తెరిచిన బ్రాకెట్టునే ముందు విప్పుతారు కదా!

తెగని గొలుసు

"ఆబ్లివియన్ రింగ్" అనే కార్డు 2007లో వచ్చింది. అది రెండు మాటలు చెబుతుంది. ఒకటి: నేను బల్లమీదికి వచ్చినప్పుడు భూమి కాని మరో కార్డును తొలగించాలి. రెండు: నేను బల్లమీదినుంచి పోయినప్పుడు ఆ తొలగించిన కార్డు తిరిగి వస్తుంది.

ఎంతో అమాయకంగా ఉన్నాయి కదా ఈ మాటలు! ఇప్పుడు ఇలాంటి రింగులు మూడు తీసుకుని క, ఖ, గ అని పేర్లు పెడదాం. బల్లమీద భూములు తప్ప వేరే కార్డులేవీ లేవు. క వచ్చింది, తొలగించడానికి ఏమీ లేదు. ఖ వచ్చి క ను తొలగించింది. గ వచ్చి ఖ ను తొలగించింది. ఖ పోయింది కనుక క తిరిగి వచ్చింది. వచ్చిన క మరొకదాన్ని తొలగించాలి. ఉన్నది గ ఒక్కటే. గ పోయింది కనుక ఖ తిరిగి వచ్చింది. అది క ను తొలగించింది. క పోయింది కనుక గ వచ్చింది. గ మళ్లీ ఖ ను తొలగించింది...

మొదలుపెట్టిన చోటికే వచ్చాం. ఇది ఎప్పటికీ ఆగదు. ఆటగాళ్లు ఆపుదామన్నా వీలులేదు, ఎందుకంటే కార్డు "తొలగించవచ్చు" అనలేదు, "తొలగించాలి" అంది. ఆపడానికి వేరే కార్డు ఎవరి దగ్గరా లేకపోతే ఆట "డ్రా" అయినట్లు ప్రకటిస్తారు. "తొలగించవచ్చు" అని ఉంటే ఎవరో ఒకరు "ఇక చాలు" అనేవారు, ఆట ముందుకు సాగేది. నిత్యానికీ వైకల్పికానికీ ఉన్న తేడా ఎంత దూరం తెచ్చిందో చూశారా?

జవాబు లేని ప్రశ్న

మూడు రింగుల గొలుసు తెగదని మనకెలా తెలిసింది? మొదటి స్థితే మళ్లీ వచ్చింది కనుక తెలిసింది. కాని స్థితి ప్రతిసారీ కొద్దికొద్దిగా మారుతూ పోతే? ఈసారి మూడు జీవులు, తర్వాత ఐదు, ఆ తర్వాత నాలుగు... ఇది ఎప్పటికైనా ఆగుతుందా, ఆగదా? ముందుగా చెప్పే ఉపాయం ఉందా?

ఈ ప్రశ్నను కార్డుల గురించి కాకపోయినా, లెక్కలుచేసే యంత్రాల గురించి 1936లోనే అలన్ ట్యూరింగ్ అనే ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు వేసుకున్నాడు. ఆయన ఊహించిన యంత్రం చాలా సాదా అయినది. గళ్లుగళ్లుగా ఉన్న పొడవాటి పట్టీ, గడికొక గుర్తు, గుర్తును చదివి మార్చే ఒక తల, ఏ గుర్తు కనబడితే ఏమి చేయాలో చెప్పే కొద్దిపాటి నియమాలు, అంతే. నేటి కంప్యూటరు చేయగల లెక్క ఏదైనా ఈ యంత్రం, నిదానంగానే అయినా, చేయగలదు.

ఏ యంత్రం ఆగుతుందో, ఏది ఆగదో తప్పకుండా చెప్పగల జోస్యపు యంత్రం ఒకటి ఉందనుకుందాం. దాన్ని కడుపులో పెట్టుకున్న మరో యంత్రాన్ని తయారుచేద్దాం. అది తన గురించే జోస్యం అడుగుతుంది. "ఆగుతావు" అని జవాబు వస్తే ఆగకుండా తిరుగుతుంది. "ఆగవు" అని వస్తే వెంటనే ఆగిపోతుంది. జోస్యం ఎలా చెప్పినా తప్పే అయింది! కాబట్టి అటువంటి జోస్యపు యంత్రం ఉండడానికే వీలులేదు. ట్యూరింగ్ నిరూపణకు సారాంశం ఇదే.

2019లో అలెక్స్ చర్చిల్, స్టెల్లా బిడర్మన్, ఆస్టిన్ హెరిక్ అనే ముగ్గురు ఒక వ్యాసంలో చూపించిన సంగతి వింటే ఆశ్చర్యపోతారు. మ్యాజిక్ కార్డులతోనే ట్యూరింగ్ యంత్రాన్ని నిర్మించవచ్చు! పట్టీమీద గళ్లకు బదులు జీవులు. ఎలుక, ఎలుగు అన్నట్లు ఆ జీవి జాతే గుర్తు. అలా 18 జాతులు 18 గుర్తులు. జీవి బలాన్ని తెలిపే అంకెనుబట్టి అది తలకు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఒక జీవి చస్తే కార్డుమీది ప్రత్యేక నియమం ప్రకారం మరో జాతి జీవి పుడుతుంది. అంటే గుర్తు మారిందన్నమాట! కార్డులను ఒకసారి అమర్చాక, ప్రతి అడుగూ "చేయాలి" అన్నదే గాని "చేయవచ్చు" అన్నది ఒక్కటీ ఉండదు. ఆటగాళ్లిద్దరూ చూస్తూ కూర్చోవలసిందే. కార్డులే లెక్కచేస్తాయి.

దీని ఫలితం ఏమిటంటే, ఎంత తెలివైన న్యాయనిర్ణేత అయినా, ఎంత వేగంగల కంప్యూటరైనా, ఈ ఆటలో వచ్చే ప్రతి స్థితినీ చూసి "ఇది ముగుస్తుంది", "ఇది ముగియదు" అని తప్పకుండా చెప్పగల పద్ధతి లేదు. నియమాల్లో లోపం ఉండి కాదు. నియమాలు అంత ఖచ్చితంగా ఉన్నాయి కనుకనే కార్డులు యంత్రంలా పనిచేశాయి. ప్రతి కార్డుమీదా ఉన్నది కొద్ది వాక్యాలే. వాటికి అర్థం ఒక్కటే. కాని అవి కలిస్తే ఎంత దూరం పోతాయో ముందుగా చెప్పే పద్ధతి ఎవరికీ దొరకదు.

మీరే ఒక కార్డు వ్రాయండి

అట్టముక్కలు కత్తిరించి అష్టాచెమ్మాకు ప్రత్యేక కార్డులు తయారుచేయండి. ఉదాహరణకు "అష్ట పడితే రెండుసార్లు వేయవచ్చు" అని వ్రాశారనుకోండి. మొత్తం రెండుసార్లా, ఇంకా రెండుసార్లా? ఆ వేసిన వాటిలో మళ్లీ అష్ట పడితే? చూశారా, ఒక్క వాక్యంలో ఎన్ని సందులున్నాయో! అందుకని ప్రతి కార్డును ఈ ఐదు ప్రశ్నలతో పరీక్షించండి.

1. ఇది ఏ సామాన్య నియమాన్ని మారుస్తోంది?
2. ఎవరికి వర్తిస్తుంది? ఆ కాయకా, ఆటగాడికా, అందరికా?
3. ఎంతసేపు? ఒక్క వంతా, ఆట ముగిసేవరకా?
4. తప్పనిసరా, ఇష్టమా?
5. ఇదే కార్డు ఇంకొకటి కూడా ఉంటే ఏమవుతుంది?

వ్రాసిన కార్డును మీరు వివరించకుండా, ఆ ఆట ఎరిగిన మరొకరికి ఇచ్చి చదివించండి. వాళ్లు మీరనుకున్నట్లే ఆడితే వాక్యం కుదిరినట్లు. లేకపోతే తప్పు వాళ్లది కాదు, వాక్యానిది.

ఆలోచించండి

అ) గ్రోత్ వల్ల 5, 5 అయిన ఎలుగుబంటికి 3 దెబ్బలు తగిలాయి. వంతు ముగిశాక గ్రోత్ ప్రభావం పోతుంది. తట్టుకునే శక్తి మళ్లీ 2. మరి అప్పుడు ఎలుగుబంటి చస్తుందా?

ఆ) ఎక్స్‌ప్లొరేషన్ కార్డులు రెండుంటే వంతుకు ఎన్ని భూములు పరచవచ్చు? రెలిక్వరీ టవర్లు రెండుంటే లాభమేమిటి?

ఇ) స్నేహితుడు ఎలుగుబంటిమీద పిడుగు వేశాడు. మీరు గ్రోత్ వేశారు. అది పనిచేసేలోగా అతను రెండో పిడుగు వేశాడు. ఏమవుతుంది?

జవాబులు: అ) చావదు. వంతు చివర దెబ్బలు మానడం, గ్రోత్ ప్రభావం పోవడం ఒకేసారి జరగాలని నియమం. ఆ) మూడు భూములు, ఒక్కొక్క కార్డూ ఒక్కొక్కటి కలుపుతుంది. రెండో టవరు వల్ల ఈ విషయంలో లాభం లేదు. లేని పరిమితిని మళ్లీ తీసేయలేం. ఇ) దొంతరలో పైనున్న రెండో పిడుగు ముందు పడుతుంది, ఎలుగుబంటి చస్తుంది.